లిస్టింగ్ పోయింది, అమ్మినవాడు మిగిలాడు

అందరికీ నమస్కారం. ముందు ఈ బల్ల మీదున్న రెండు పెట్టెలు చూడండి. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు సరిగా కనిపించకపోవచ్చు, మాట్లాడటం అయ్యాక ముందుకొచ్చి చేత్తో పట్టుకుని చూద్దురుగాని. రెండింటిలోనూ ఉన్నది చంటిబిడ్డను ఎదకు కట్టుకుని మోసే క్యారియర్. పెట్టెల మీద పేరు ఒకటే, బొమ్మ ఒకటే, రంగు కూడా ఒకటే. రెండూ ఒకే ఆన్‌లైన్ పేజీలో, ఒకే వారంలో కొన్నవి. ఒకటి అసలుది, రెండోది నకిలీ.

తేడా ఎక్కడుందో చెబుతాను. అసలు క్యారియర్‌లో బరువంతా పడే చోట పట్టీని చతురస్రంగా నాలుగు వైపులా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా మళ్లీ రెండు కుట్లు వేశారు. నకిలీదాంట్లో అదే చోట ఒక్క వరుస కుట్టు ఉంది, దాని చివర దారం ముడి కూడా వేయలేదు. అసలు బకిల్ మూస్తే ‘టక్’మని గట్టిగా పడుతుంది. నకిలీ బకిల్‌ని బొటనవేలితో పక్కల నొక్కితే వంగుతుంది. ఇంకొకటి, మాకు చాలా ఆలస్యంగా తట్టిన తేడా: నకిలీవి ఎన్ని కొన్నా లేబుల్ మీద బ్యాచ్ నంబర్ మాత్రం మారదు. ఎవరో ఒక్క అసలు ముక్క కొని, దాని లేబుల్‌ని ఉన్నదున్నట్టు అచ్చు వేయించుకున్నారు. ఆ అంకెకు అర్థం ఉందని వాళ్లకు తెలియదు.

అసలు క్యారియర్ తయారుచేసే ఆవిడ నా దగ్గరికి వచ్చింది ఒక రివ్యూ పట్టుకుని. ఒక్క స్టార్ ఇచ్చి, విరిగిన బకిల్ ఫొటో పెట్టాడు ఒక తండ్రి. బిడ్డ కింద ఆయన చెయ్యి ఉంది కాబట్టి ఏమీ కాలేదు. ఆవిడ ఫొటో పెద్దది చేసి చూపించి, “సార్, ఇది నా బకిల్ కాదు. కానీ ఈయన తిడుతున్నది నన్నే,” అంది. కంప్లయింట్ పెట్టాం. సైట్‌వాళ్లు రెండు రోజుల్లో ఆ లిస్టింగ్‌ని, అంటే నకిలీని అమ్మకానికి పెట్టిన ప్రకటనను, తీసేశారు. అయిదో రోజున అదే ఫొటోలతో, వేరే సెల్లర్ పేరుతో మళ్లీ వచ్చింది. నాలుగు నెలల్లో పదకొండు సార్లు తీయించాం. పదకొండోసారి ఆవిడ ఫోన్‌లో అన్న మాట ఇది: “లిస్టింగ్ పోతోంది సార్, మనిషి పోవట్లేదు.”

ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ మాట గురించే. మీలో చాలామంది సొంతంగా ఏదో ఒకటి తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నవాళ్లు, మిగతావాళ్లు లా చదువుతున్నవాళ్లు అని నిర్వాహకులు చెప్పారు. మొదటివాళ్లకు ఇది బతుకుదెరువు సమస్య, రెండోవాళ్లకు రేపు చేయబోయే పని. కాబట్టి చట్టం, ఆచరణ రెండూ కలిపే చెబుతాను.

మొదట హక్కు దగ్గర మొదలుపెడదాం. “నా డిజైన్ కాపీ కొట్టారు” అని అందరూ అంటారు. కానీ కంప్లయింట్ ఫారంలో ‘కాపీ’ అనే గడి ఉండదు. ట్రేడ్‌మార్కా, కాపీరైటా, డిజైనా, పేటెంటా అని అడుగుతుంది. ఇవి నాలుగూ నాలుగు వేర్వేరు హక్కులు. పేరు, లోగో మీద ఉండేది ట్రేడ్‌మార్క్. మీరు తీసిన ఫొటో, రాసిన వివరణ, గీసిన బొమ్మ మీద ఉండేది కాపీరైట్. వస్తువు రూపురేఖల మీద డిజైన్ హక్కు. అది పనిచేసే పద్ధతి మీద పేటెంట్. నకిలీ సరుకు మీద పోరాటంలో అసలైన ఆయుధం ట్రేడ్‌మార్కే. అవతల కంప్లయింట్ చూసే సైట్ ఉద్యోగి పేటెంట్ చదివి నిర్ణయం చెప్పలేడు. రిజిస్టరైన పేరు, లిస్టింగ్‌లోని పేరు పక్కపక్కన పెట్టి చూడగలడు.

ట్రేడ్‌మార్క్ ఏ దేశానికి ఆ దేశంలో తీసుకోవాల్సిందే. ఒక దేశపు సర్టిఫికెట్ ఇంకో దేశపు మార్కెట్‌ప్లేస్‌లో, అంటే రకరకాల సెల్లర్లు అమ్ముకునే సైట్‌లో, పనికిరాదు. చాలా దేశాలకు ఒకే దరఖాస్తుతో వెళ్లడానికి 1989 నాటి మాడ్రిడ్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. అది దరఖాస్తును సులువు చేస్తుందే తప్ప, ఏ దేశం నిర్ణయం ఆ దేశానిదే. పైగా సరుకులు, సేవలను నీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 45 క్లాసులుగా విభజించారు. ఈ క్యారియర్ ఆవిడ విషయంలో మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. ఒంటికి తొడుక్కునేది కదా అని ఎవరో ఆవిడతో క్లాస్ 25లో, అంటే దుస్తుల్లో, రిజిస్టర్ చేయించారు. బిడ్డను మోసే క్యారియర్ వచ్చేది బ్యాగులుండే క్లాస్ 18లో. కోర్టుకు వెళితే ‘దగ్గరి సరుకే కదా’ అని వాదించవచ్చు. ఫారం ముందు వాదనలు ఉండవు. “మీ రిజిస్ట్రేషన్ ఈ వస్తువుకు వర్తించదు” అని ఒక్క లైనులో తిప్పి పంపారు. అప్పటికి ఫొటోలు మాత్రం ఆవిడవే కాబట్టి, కాపీరైట్ దారిలో కొన్ని తీయించగలిగాం. మీ సర్టిఫికెట్ ఇంటికెళ్లగానే తీసి, క్లాస్ నంబర్, దాని కింద రాసిన సరుకుల వివరణ ఒకసారి చదవండి. దయచేసి ఈ రాత్రికే చదవండి.

ఇప్పుడు, నకిలీ అసలు పేజీలోకి ఎలా వస్తుంది? చాలామంది వేరే పేజీ పెట్టుకుంటారని అనుకుంటారు. కొన్ని పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలో ఒక వస్తువుకు ఒకే పేజీ ఉంటుంది, ఆ వస్తువు అమ్మేవాళ్లంతా దాని కింద చేరతారు. మీరు ఏళ్ల తరబడి సంపాదించుకున్న రివ్యూలు, మీరు తీసిన ఫొటోలు, మీరు రాసిన వివరణ, అన్నీ కొత్తగా చేరినవాడికి ఉచితంగా దక్కుతాయి. వాడు ధర కొంచెం తగ్గిస్తే ‘కొనండి’ అనే బటన్ వాడికి వెళుతుంది. దానికి తోడు వేర్‌హౌస్ సమస్య. ఒకే బార్‌కోడ్ ఉన్న సరుకును, ఏ సెల్లర్ పంపాడన్నది చూడకుండా కలిపి ఉంచే పద్ధతి ఉన్న చోట, కొన్నవాడు నిజాయితీపరుడి పేరు మీదే ఆర్డరిచ్చినా, అరలోంచి చేతికొచ్చేది ఇంకొకడి నకిలీ కావచ్చు. అప్పుడు తప్పు ఎవరిది? రివ్యూ రాసేవాడికి ఇదేమీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు, వాడు కొన్నది మీ పేరు.

“రేటింగ్ చూసి కొంటే చాలదా” అని అడుగుతారు. అమెరికా ప్రభుత్వ లెక్కలు, పనితీరు తనిఖీ చేసే సంస్థ జీఏవో ఒక పరీక్ష చేసి 2018లో నివేదిక ఇచ్చింది. పేరున్న వెబ్‌సైట్లలో, బయటి సెల్లర్ల దగ్గర, మంచి రేటింగ్ ఉన్నవాళ్లనే ఎంచుకుని 47 వస్తువులు కొన్నారు. వాటిని బ్రాండ్ సొంతదారులకు చూపిస్తే 20 నకిలీవని తేలింది. లోపలి లెక్క ఇంకా చూడదగ్గది. బూట్లు 15 కొంటే 15 అసలువే. ఫోన్ చార్జర్లు 10లో ఒకటి నకిలీ. ప్రయాణాల్లో వాడే మగ్గులు 9లో 6 నకిలీ. మేకప్ సామాను 13 కొన్నారు, పదమూడూ నకిలీవే. ముఖానికి, కళ్లకు రాసుకునే సామాను అది. నలభై ఏడు వస్తువులతో ప్రపంచం మొత్తం మీద లెక్క కట్టలేం, ఆ సంస్థ కూడా కట్టలేదు. కానీ స్టార్లు చూసి నిశ్చింతగా ఉండొచ్చనే నమ్మకం మాత్రం అక్కడ నిలబడలేదు.

మొత్తం పరిమాణం ఎంతంటారా, దేశాల సరిహద్దులు దాటే నకిలీ సరుకు 2019లో 464 బిలియన్ డాలర్లు ఉండొచ్చని, అంటే ప్రపంచ వాణిజ్యంలో 2.5 శాతమని, ఓఈసీడీ అనే దేశాల ఆర్థిక సహకార సంస్థ, యూరోపియన్ యూనియన్ మేధో సంపత్తి కార్యాలయం కలిసి అంచనా వేశాయి. దేశం లోపల తయారై లోపలే అమ్ముడయ్యేది ఇందులో లేదు. సరే, అంకెలు ఇక్కడితో చాలు.

చట్టం ఎలా నడిచిందో కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఆవిడ అన్న ఆ ‘మనిషి’ సంగతే కోర్టులు కూడా మెల్లమెల్లగా అడగడం నేర్చుకున్నాయి. టిఫనీ అనే నగల కంపెనీ 2004లో ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్ మీద కేసు వేసింది. తమ పేరుతో అమ్ముతున్న వెండి నగల్లో నకిలీలు విపరీతంగా ఉన్నాయని దాని ఫిర్యాదు. తామే కొని చూస్తే నాలుగింట మూడు వంతుల దాకా నకిలీలని లెక్క చూపింది. ఆ లెక్క తీసిన పద్ధతిలో లోపాలున్నాయని కోర్టు అన్నది, నకిలీలు గణనీయంగా ఉన్నాయన్నది మాత్రం కాదనలేదు. అయినా 2010లో అమెరికా అప్పీలు కోర్టు ఈబేనే సమర్థించింది. తన సైట్‌లో నకిలీలు ఉంటాయని స్థూలంగా తెలిస్తే సరిపోదు, ఫలానా లిస్టింగ్ నకిలీదని తెలిసి కూడా అమ్మనిస్తేనే బాధ్యత వస్తుంది, ఇదీ తీర్పు సారం. అంటే వెతికే భారమంతా బ్రాండ్ నెత్తిన పడింది. పెద్ద కంపెనీ అయితే మనుషుల్ని పెట్టుకుని రోజంతా వెతికిస్తుంది. ఒంటరిగా కుట్టుకుని అమ్ముకునే మనిషి ఎవర్ని పెట్టుకుంటుంది? ఆ తీర్పులో తర్కం ఉంది, నేను కాదనను. చిన్నవాళ్లను అది ఒంటరిగా వదిలేసిందని మాత్రం అంటాను.

మరుసటి ఏడాది, 2011 జూలైలో, యూరోపియన్ యూనియన్ కోర్టు, లోరియాల్ అనే సౌందర్య సామగ్రి కంపెనీకీ ఈబేకీ మధ్య కేసులో ఇంకో అడుగు వేసింది. సరుకు ప్రచారంలో ప్లాట్‌ఫామ్ చురుగ్గా చెయ్యి వేస్తే, లేదా జాగ్రత్త గల వ్యాపారికి ఇది అక్రమమని తట్టాల్సిన పరిస్థితి ఉంటే, ‘నేను వట్టి ఆతిథ్యమిచ్చేవాణ్ని’ అనే రక్షణ పోతుందని చెప్పింది. అంతకంటే ముఖ్యంగా, జరిగినదాన్ని ఆపమనడమే కాదు, అదే సెల్లర్ అదే తప్పు మళ్లీ చేయకుండా చూడమని కూడా జాతీయ కోర్టులు ఆదేశించవచ్చంది. చూశారా, మొదటిసారి లిస్టింగ్ వెనకున్న మనిషి కనిపించాడు. 2022 డిసెంబర్ 22న లూబూటాన్, అమెజాన్ కేసు వచ్చింది, ఎర్ర అడుగున్న చెప్పుల గొడవ అది. సొంత సరుకును, బయటివాళ్ల సరుకును ఒకే తీరుగా చూపించి, తన లోగో తగిలించి, తానే గోదాంలో ఉంచి, తానే పంపిస్తుంటే, ఆ గుర్తును వాడుతున్నది ప్లాట్‌ఫామే అని కొనేవాళ్లు అనుకునే అవకాశముందని కోర్టు చెప్పింది. చివరికి తేల్చాల్సింది జాతీయ కోర్టులేనని వదిలింది.

ఇక తాజా చట్టాలు నేరుగా మనిషి దగ్గరికే వెళ్లాయి. అమెరికాలో ఇన్‌ఫార్మ్ కన్స్యూమర్స్ చట్టం 2023 జూన్ 27న అమల్లోకి వచ్చింది. రెండేళ్ల కాలంలో ఏదైనా వరుస 12 నెలల్లో 200 అమ్మకాలు, 5,000 డాలర్ల రాబడి దాటిన సెల్లర్ ఎవరైనా బ్యాంకు ఖాతా, పన్ను నంబర్, చిరునామా ఇవ్వాలి, ప్లాట్‌ఫామ్ వాటిని సరిచూడాలి. యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ చట్టం 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా వర్తిస్తోంది. అక్కడ వ్యాపారి వివరాలు చేతికొచ్చాకే అమ్మకానికి అనుమతివ్వాలి, మరీ చిన్న ప్లాట్‌ఫామ్‌లకు మినహాయింపు ఉంది. ఆ చట్టంలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి: అక్రమ సరుకు అమ్ముడైందని తెలిస్తే, గత 6 నెలల్లో కొన్నవాళ్లకు ప్లాట్‌ఫామ్ ఆ సంగతి తెలియజేయాలి. ఈ నకిలీ క్యారియర్‌లో ఈ రోజు కూడా ఎక్కడో ఒక బిడ్డ కూర్చుని ఉండవచ్చు. లిస్టింగ్ తీసేస్తే ఆ తల్లికి ఎలా తెలుస్తుంది? ఈ ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

మళ్లీ బల్ల దగ్గరికి వద్దాం. టెస్ట్ కొనుగోలు ఎలా చేయాలో చూపిస్తాను. అనుమానం వచ్చిన వెంటనే కంప్లయింట్ పెట్టకండి, ముందు కొనండి. టెన్షన్‌లో అందరం చేసే తప్పు ఇదే. కంప్లయింట్ పెట్టగానే లిస్టింగ్ పోతుంది, దానితో పాటు సాక్ష్యమూ పోతుంది. కొనేముందు పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. తేదీ, లింకు, సెల్లర్ పేరు, ధర, ‘ఎవరు పంపుతారు’ అనే లైను, ఇవన్నీ కనిపించాలి. ఆర్డర్ నంబర్, ఇన్వాయిస్ దాచండి. పార్సెల్ వచ్చాక కత్తెర పెట్టకముందే వీడియో మొదలుపెట్టండి. పార్సెల్ మీది చిరునామా స్టిక్కర్, ట్రాకింగ్ నంబర్ దగ్గరగా చూపించి, మధ్యలో ఆపకుండా విప్పండి. అసలుది పక్కన పెట్టి లేబుల్, కుట్టు, బకిల్, ప్యాకింగ్ ఒక్కొక్కటీ జంటగా ఫొటో తీయండి. బయటి కవర్ పారేయకండి. మాకు అసలు దారి దొరికింది ఆ కవర్ల మీదే.

ఎలాగంటే, వేర్వేరు పేర్లతో ఉన్న ఏడుగురు సెల్లర్ల దగ్గర కొన్నాం. కవర్లన్నీ నేల మీద పరిచి కూర్చున్నాం. అయిదింటి మీద రిటర్న్ చిరునామా ఒకటే, అందులో రెండింట్లో స్పెల్లింగ్ తప్పు కూడా ఒకే తీరుగా ఉంది. లోపలి లేబుళ్ల మీద ఒకే బ్యాచ్ నంబర్. అప్పటిదాకా మేం పదకొండు మందితో యుద్ధం చేస్తున్నామనుకున్నాం. అందుకే ఈసారి కంప్లయింట్ వేరే రకంగా రాశాం. ‘ఈ లిస్టింగ్ తీసేయండి’ అని కాకుండా, ‘ఈ అయిదు ఖాతాలూ ఒక్కరివే, ఇవిగో ఆధారాలు, ఖాతాలనే పరిశీలించండి’ అని. ఫొటోలు ఎనిమిదే పెట్టాం. అనవసరమైన కోపం, బెదిరింపులు ఒక్కటీ రాయలేదు.

ఒక హెచ్చరిక. మీ వస్తువు తక్కువ ధరకు అమ్ముతున్న ప్రతివాడూ దొంగ కాదు. మీ దగ్గరే కొన్న అసలు సరుకును తిరిగి అమ్ముకునే హక్కు కొనుగోలుదారుకు సాధారణంగా ఉంటుంది. వేరే దేశంలో అమ్మిన అసలు సరుకు ఇటు రావడం గురించి దేశానికో నియమం ఉంది, కానీ అది నకిలీ కాదు, దాన్ని నకిలీ అని రాయకూడదు. పోటీదారును తొక్కడానికి అబద్ధపు కంప్లయింట్లు పెట్టేవాళ్లను నేను చూశాను. పండగ అమ్మకాల ముందు ఒక్క తప్పుడు కంప్లయింట్‌తో ఒక కుటుంబం సరుకంతా గోదాంలో ఇరుక్కుపోయిన సంగతి నాకు తెలుసు. అమెరికా కాపీరైట్ చట్టంలో, తెలిసి అబద్ధపు నోటీసు ఇస్తే నష్టపరిహారం కట్టాలి. చైనా ఈ-కామర్స్ చట్టం 2019 జనవరి నుంచి అమల్లో ఉంది, దురుద్దేశంతో నోటీసిస్తే రెట్టింపు పరిహారం అంటుంది. ఆ నియమాలు న్యాయమైనవి. నకిలీల వల్ల మనకెంత కడుపుమంట ఉన్నా, అబద్ధపు నోటీసు కూడా ఒక రకం నకిలీయే.

ప్రతి ముక్కకూ వేర్వేరు కోడ్ ఇచ్చే పద్ధతి గురించి కొందరు అడిగారు. బార్‌కోడ్ ఆ మోడల్ మొత్తానికి ఒకటే, ఈ కోడ్ మాత్రం ఒక్కో ముక్కకు ఒక్కోటి. గోదాంలో స్కాన్ చేసి, సరైన కోడ్ లేని ముక్కను పంపకుండా ఆపుతారు. పని చేస్తుంది, కానీ ఆ ప్లాట్‌ఫామ్ గోడల లోపలే. అదే సరుకు ఇంకో సైట్‌కి వెళితే ఆ కోడ్‌ను అడిగేవాడుండడు. కస్టమ్స్‌లో మీ మార్క్ నమోదు చేయించడం కూడా మంచిదే. డబ్ల్యూటీవో, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థ, వారి మేధో సంపత్తి ఒప్పందం ట్రిప్స్ 1995లో అమల్లోకి వచ్చింది, అది సరిహద్దులో నకిలీ సరుకు ఆపే ఏర్పాటు సభ్య దేశాలన్నీ పెట్టాలంటుంది. అయితే అందులోనే 60వ అధికరణం, వ్యాపారం కోసం కాని కొద్దిపాటి సరుకు చిన్న పార్సెళ్లలో వస్తే వదిలేయవచ్చని చెబుతుంది. ఒప్పందం రాసిన రోజుల్లో నకిలీ అంటే ఓడలో కంటైనర్. ఇప్పుడు ఒక్కొక్క ముక్కా ఒక్కొక్క కవర్‌లో వస్తోంది.

ఈ క్యారియర్ ఆవిడ సంగతి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి ముగిస్తాను. అయిదు ఖాతాల్లో నాలుగు మూతపడ్డాయి, వాటికి రావాల్సిన డబ్బు ఆగింది. ఐదోది ఇంకా పరిశీలనలో ఉంది. సెల్లర్ వివరాలు ఇవ్వమని కోర్టును అడిగాం, వచ్చే నెల వాయిదా ఉంది. కుట్టినవాళ్లు ఎక్కడున్నారో ఇంకా తెలియదు. క్లాస్ 18లో కొత్త దరఖాస్తు వేశాం. ఒక్క స్టార్ ఇచ్చిన ఆ తండ్రికి ఆవిడ అసలు క్యారియర్ ఒకటి పంపింది, డబ్బు తీసుకోలేదు. ఆయన రివ్యూ తీసేయలేదు, తీసేయమని ఆవిడా అడగలేదు. దాని కింద, నకిలీ బకిల్‌ను ఎలా గుర్తుపట్టాలో నాలుగు లైన్లు రాసింది.

ఇప్పుడు వచ్చి చూడండి. ముందు ఎడమవైపు పెట్టె, దాని బకిల్‌ని బొటనవేలితో పక్కల నుంచి నొక్కండి. తర్వాత రెండోది.